ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఒక మహనీయుని చరితమును పాఠకమహాశయులకు జ్ఞప్తి చేయుట సముచితమని తలంచితిని. ఆయుధము పట్టక పరప్రభుత్వము నెదిరించిన సేనలనగానే పఠానుల సీమలో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ 1929లో నెలకొల్పిన ఖుదాయీ ఖిద్మత్‌గార్ దళమును ఎల్లరును స్మరింతురు. అంతకు ఎనిమిదేండ్ల ముందే మన తెలుగునాట అట్టి సేన యొకటి పనిచేసెను. దాని పేరు రామదండు. దాని నాయకుడు గోపాలకృష్ణయ్యగారు.

వారు 1889 జూన్ 2వ తేదీన నాటి కృష్ణామండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి బంధువుల పోషణమున పెరిగిరి. మిత్రుల తోడ్పాటుతో ఎడింబరో నగరమునకేగి ఎం.ఏ. పట్టము నందిరి. ఆనంద కుమారస్వామితో గూడి వారు ఆంగ్లీకరించిన నందికేశ్వరుని అభినయదర్పణము 1917లో అమెరికాలో అచ్చయ్యెను. స్వదేశమునకు మరలి రాజమహేంద్రవరమునను, మనకు చేరువనున్న బందరు జాతీయ కళాశాలలోను కొంతకాలము బోధించిరి. కాని ఉద్యోగమున నిలువక చీరాల చేరి ప్రజలలో కలసిరి.

చీరాల పేరాలలు సాలెవారును, రైతులును, కూలివారును నివసించు ఊళ్లు. 1919లో ప్రభుత్వమువారు వానిని పురపాలక సంఘముగా మార్చిరి. యేటికి 4,000 రూపాయలుగా నున్న పన్ను 40,000 దాక పెరిగెను. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాకు ఈ రెండంకెలు చాలును. ఆ మగ్గపు గుంటలలోని దుఃఖము బోధపడుచున్నది. ప్రజలు పన్ను నిరాకరించిరి. చెఱకేగినవారిలో ఒక స్త్రీయు నుండెను.

కాషాయములును రుద్రాక్షలును ధరించిన రామదండు 1921లో బెజవాడ కాంగ్రెసు సభలకు వచ్చిన జనసముద్రమును క్రమమున నడపెను. పిమ్మట గాంధీమహాత్ములు చీరాల విచ్చేసి, హింసకు తావీయక ఊరు విడుచుట యొక మార్గమని సూచించిరి. పురపాలక సంఘపు ఎల్లలు దాటినవారికి ఆ పన్ను వర్తింపదు గదా! సుమారు 15,000 జనులలో అత్యధికులు ఇండ్లు విడిచి, ఊరివెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడిరి.

శ్రీరాముని వెంటనంటిన అయోధ్యాపౌరులు తమసాతీరమున ఒక్క రాత్రి గడపి, తెల్లవాఱి రాముడు కానరాకపోగా ఇండ్లకు మరలిరి. చీరాలవారి నాయకుడును దూరమయ్యెను. బరంపురమున నిషేధాజ్ఞను ధిక్కరించి ప్రసంగించినందుకు గోపాలకృష్ణయ్యగారు ఏడాదిపాటు తిరుచినాపల్లి చెరసాల పాలైరి. అయినను వీరు వెంటనే మరలలేదు. ఎండకెండి, వానకు తడిసి, దాదాపు పదునొకండు నెలలు నిలిచిరి.

తుదకు ధనము తఱిగి, ఓపిక సన్నగిల్లి, జనులు ఊరు చేరిరి. పురపాలక సంఘము నిలిచెను. గోపాలకృష్ణయ్యగారు పేదఱికముతోను క్షయవ్యాధితోను పోరాడి 1928 జూన్ 10వ తేదీన ముప్పదితొమ్మిదేండ్ల ప్రాయమున కీర్తిశేషులైరి.

ఖాతా తీసి చూచిన ఇది నష్టమే. కాని ఆ పదునొకండు నెలలలో బీదసాదలు, ఒకరిపై చేయియెత్తకయే, ప్రభుత్వమునకు కాదని చెప్పవచ్చునని నేర్చిరి. నేర్చినదానిని చెఱిపివేయు చట్టము లేదు. సీమలో చదివిన చదువును పాకలలోనివారికి పంచిన ఆ పుణ్యపురుషుని చరిత్రను మన గ్రామబాలురు ఈ గ్రంథాలయమున చదివి తెలిసికొందురుగాక!