మూలుగకు జీవం పోసిన మహనీయుడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఎముకలలో దాగియున్న మూలుగ రక్తకణాలకు పుట్టినిల్లు. ఆ పుట్టింట పోషణ కరువైతే రక్తం క్షీణిస్తుంది. అక్కడ కణోత్పత్తి అదుపు తప్పితే రక్తమే ప్రాణాంతకమవుతుంది. ఈ రెండు విపత్తులకూ మందులు అందించిన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిని స్మరించుకొనుట విద్యార్థులమైన మనకు కర్తవ్యం.

వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. పేదరికంతో పెనుగులాడుతూ మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నమున ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందున ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలోనే తగిలింది. ఇరువురు సోదరులు స్ప్రూ వ్యాధితో కొద్ది రోజుల వ్యవధిలో కన్నుమూశారు. మన పెద్దలు సంగ్రహణి అని పిలిచిన వ్యాధి ఇటువంటిదే. ఎడతెగని విరేచనాలు, పుండ్లు పడి ఎర్రబారిన నాలుక, పాలిపోయిన ముఖం, నానాటికీ కృశించే దేహం దీని లక్షణాలు. ప్రేగులు పోషకాలను గ్రహించలేనందున మూలుగలో రక్తకణాలు పరిమాణంలో పెరుగుతాయే గాని పరిపక్వం చెందవు. ఆ రోజులలో ఈ వ్యాధి ముదిరితే బ్రతుకుపై ఆశ ఉండేది కాదు.

1922లో వారు అమెరికా చేరారు. పొట్ట గడుచుటకై ఆసుపత్రిలో సామాన్య సేవకునిగా పనిచేశారు. హార్వర్డులో ఫిస్కే అను ఆచార్యునితో కలసి దేహంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాల శక్తికి సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్‌పైనా, ఏ.టి.పి.పైనా పరిశోధనలు సాగించి, 1930లో పిహెచ్.డి. పొందారు. ఇంత చేసినా అక్కడ స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు.

అక్కడ వారి నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. క్యూబా మొదలైన చోట్ల స్ప్రూ రోగులకు దానిని ఇవ్వగా, కొద్ది దినములలోనే మూలుగ మేల్కొని క్రొత్త రక్తకణాలను పుట్టించింది. అయితే పెర్నీషియస్ ఎనీమియా అను మరొక రక్తహీనతలో రక్తం బాగుపడినా, నరాల క్షీణత ఆగలేదు. దానికి బి-12 విటమిన్ అవసరమయింది.

ఇక రెండవ విపత్తు ల్యుకేమియా. ఇందులో మూలుగ అపరిపక్వమైన తెల్లకణాలను విపరీతంగా పుట్టిస్తుంది. జ్వరం, రక్తస్రావం, ఎముకల నొప్పి దీని చిహ్నాలు. ఈ వ్యాధి సోకిన పసిపిల్లలు ఆనాడు కొద్ది వారాలలోనో, నెలలలోనో మరణించేవారు. ఫోలిక్ ఆమ్లం ఈ కణాలను మరింత పెంచుచున్నట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు తోచింది. అట్లయితే దానికి విరోధియైన పదార్థం వాటిని అణచవలెను గదా! సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో గుణం కనిపించినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా అంతవరకు మూసియున్న తలుపు తెరచుకొన్నది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. అనేక మందుల సమ్మేళనంతో, వైద్య వసతులు గల దేశాలలో నేడు పదిమంది పిల్లలలో ఎనమండుగురికి పైగా బ్రతుకుచున్నారు.

ఈ ఫలితాలను చూచుటకు వారికి ఆయువు చాలలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసున నిద్రలోనే పరమపదించారు. నోబెల్ బహుమానం రాలేదు. మాతృదేశాన్ని మరల చూడలేదు. 1995లో మన తపాలా శాఖ వారి పేర బిళ్ల విడుదల చేసింది.

నేడు మన ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచితంగా ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉన్నది. నాడు అటువంటి మాత్ర లేకనే ఆ సోదరులు మరణించారు. తమ ఇంటి దుఃఖాన్ని లోకానికి ఔషధంగా మార్చిన ఆ మహనీయుని, ఒక పరీక్ష తప్పినంతనే క్రుంగిపోయే వేళ మనం తలచుకొందుము గాక!