ఫలమును బట్టి చెట్టు: దోర్నకల్ అజరయ్య అయ్యగారి జీవితము

ధ్యాన భాగములు: మత్తయి 7:15-20; గలతీ 5:22-26; 2 పేతురు 1:5-8



మామిడితోట గలవారికి ఈ సంగతి తెలియును. చెట్టు ఎంత ఎత్తు పెరిగినను, ఆకు ఎంత ఒత్తుగా ఉన్నను, కాపు లేనిచో ఎవరును దానిని మంచి చెట్టు అనరు. మన ప్రభువు కొండమీది ప్రసంగములో ఈ కొలతనే మనుష్యులకును పెట్టెను. అపొస్తలుడైన పౌలు ఆత్మ ఫలమును గూర్చి గలతీయులకు వ్రాసినప్పుడు ప్రేమ మొదలుకొని ఆశానిగ్రహము వరకు తొమ్మిది గుణములను పేర్కొనెను. ఆ తొమ్మిదింటిలో పదవి లేదు, గొప్ప గొంతు లేదు, బాప్తిస్మము పొంది ఎన్ని ఏండ్లు గడిచినవను లెక్కయు లేదు. గుణమే ఉన్నది. ఆత్మలో ఎదిగినవాడెవడో గుణమును బట్టియే తెలియును.

గుణము ఎక్కడ బయటపడును? మన పల్లెలనుండి అనేకులు ఏదో యొక పనిమీద హైదరాబాదు వెళ్లుచుందురు. నాంపల్లి స్టేషనులో దిగి, దావా గలవారు కోర్టుకు, బిడ్డకు జబ్బు చేసినవారు నీలోఫర్ ఆసుపత్రికి, బట్టలో పుస్తకములో కొనవలసినవారు ఆబిడ్స్ బజారుకు పోవుదురు. ఊరిలో మనలను పాస్టరుగారు ఎరుగుదురు, పెద్దలు ఎరుగుదురు. ఆబిడ్స్ సందడిలో మనలను ఎవరు ఎరుగుదురు? అంగడివాడు పొరబాటున చిల్లర ఎక్కువ ఇచ్చినయెడల తిరిగి ఇచ్చెదమా? నాంపల్లి కోర్టులో బోనెక్కినప్పుడు మన కులమువానికి మేలగునని అబద్ధమాడెదమా? ఎవరును ఎరుగని చోట మనలో మిగులునదే మన గుణము.

ఈ మాసము మనము తలంచుకొను దైవజనుడు అదే రైలుదారిలో నివసించినవాడు. నాంపల్లి నుండి కాజీపేట, వరంగల్ మీదుగా విజయవాడ పోవు దారిలో దోర్నకల్ జంక్షను ఉన్నది. నేడు అది మహబూబాబాదు జిల్లాలోనిది. ఆ దినములలో నైజాము రాజ్యములోనిది. అక్కడ ముప్పది ఏండ్లకు పైగా తెలుగు పల్లెలకు కాపరిగా నుండినవారు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన మన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళదేశములోని తిరునెల్వేలి సీమలో వెళ్లాళన్‌విళై అను చిన్న గ్రామములో జన్మించిరి. తండ్రి హిందూ కుటుంబమునుండి వచ్చి క్రీస్తును అంగీకరించి గ్రామ పాదిరియైనవారు. తల్లి ఎలెన్ అమ్మగారు చాలకాలము కుమారుని కొరకు కనిపెట్టుకొని, హన్నావలె ప్రార్థించి, పుట్టిన బిడ్డకు శామ్యూలు అను పేరు పెట్టిరి. 1889లో తండ్రి గతించెను. అప్పటికి పిల్లవాని వయస్సు పదునైదు ఏండ్లు. తల్లి క్రమశిక్షణలోనే ఆయన పెరిగిరి.

తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి. కడపటి పరీక్ష సమయమున జబ్బుపడుటచేత పట్టా చేతికి రాలేదు. పట్టా లేని ఆ యువకుడు 1895లో వై.ఎం.సి.ఏ. పరిచర్యలో చేరి, దక్షిణ ఇండియా అంతట తిరిగి యువజనులకు వాక్యము బోధించిరి. 1898లో చదువుకొన్న భక్తురాలైన అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. కట్నము పుచ్చుకొనలేదు, ఆడంబరము చేయలేదు. కట్నము తప్పని నేడు మన వేదికలమీద చెప్పువారు పలువురున్నారు. తన పెండ్లిలోనే దానిని మానినవాని మాటకు బరువు హెచ్చు.

1902లో ఆయన సిలోనులోని యాఫ్నాకు వెళ్లి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్తికులను పంపుచుండుట చూచిరి. మనవారు ఏల పంపకూడదను భారము ఆయనకు కలిగెను. 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ప్రారంభమాయెను. ఆ సొసైటీ తన సేవకులను పంపినది దోర్నకల్ ప్రాంతమునకే. కొన్ని ఏండ్లకు ఆయన హృదయములో మరియొక ప్రశ్న పుట్టెను: ఇతరులను పొమ్మని పంపిన నేను ఏల పోకూడదు? దేశమంతట పేరు పొందిన ఆ ఉద్యోగమును విడిచి, 1909లో అభిషేకము పొంది, దోర్నకల్ చేరిరి. అప్పటికి ఆయనకు సుమారు 35 ఏండ్లు. ఆ వయస్సులో అక్షరములు మొదలుకొని తెలుగు నేర్చుకొనవలసి వచ్చెను. వేల మంది ఎదుట అనర్గళముగా మాటలాడినవాడు కూలివారి పిల్లల ఎదుట తడబడుచు మాటలాడుటకు సిగ్గుపడలేదు. సాత్వికమనగా ఇదియే.

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాటలాడిరి. మిషనరీలు ధనమిచ్చిరి, ప్రాణములిచ్చిరి, కాని ఇండియావారిని సమానులుగా ఎంచి స్నేహమును మాత్రము ఇయ్యలేదని నొచ్చుకొని చెప్పిరి. సభలో కొందరికి కోపము వచ్చెను. అయినను ఆయన ఆ మాటను వెనుకకు తీసికొనలేదు; ఆ మిషనరీలతో కలిసి పనిచేయుటయు మానలేదు. సత్యమును చెప్పి పగ పట్టకుండుట కష్టము గదా! మనలో అనేకులు పగకు భయపడి సత్యమును దాచెదరు, లేక సత్యమను పేరట పగను తీర్చుకొనెదరు. ఈయన రెంటికిని దూరముగా నుండిరి.

ఆయనను బిషప్పుగా చేయవలెనను తలంపు వచ్చినప్పుడు తెల్లవారిలోనే గాక స్వదేశస్థులలోను కొందరు ఎదిరించిరి. ఆయన పుట్టిన నాడారు కులము వారికి అడ్డుగా తోచెను. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో ఆయన ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి.

ఇక ఆయన మంద ఎట్టిది? అధికులు మాల మాదిగ పల్లెలవారు. భూమి లేదు, చదువు లేదు, వెట్టిచాకిరి తప్పదు. అయ్యగారు ఎడ్లబండిమీదను సైకిలుమీదను తిరిగి, కూలివారు పొలమునుండి వచ్చిన తరువాత దీపము వెలుగున వారికి బోధించిరి. అన్బు మరియమ్మాళ్ అమ్మగారు స్త్రీలలో పనిచేసిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని ఈ దంపతులు పల్లెను పట్టిన దయ్యములుగా ఎంచి పోరాడిరి. పాఠశాలలు, వైద్యశాలలు, సహకార సంఘములు లేచెను. ఇంటిల్లాలు వండబోవునప్పుడు పిడికెడు బియ్యము దేవునికని తీసిపెట్టు వాడుక బలపడెను. క్రైస్తవుని ఇచ్చుటను గూర్చి ఆయన ఒక గ్రంథమే వ్రాసిరి. తీసికొనుటకే అలవాటుపడిన బీదవారు ఇచ్చువారగుట ఆత్మీయ ఎదుగుదలకు గురుతని ఆయన నమ్మకము. బాప్తిస్మము పొందువారు తమ చేయి తమ తలమీద పెట్టుకొని, సువార్తను ఇతరులకు చెప్పకపోయినయెడల తమకు కీడని ఒప్పుకొనునట్లు ఆయన చేయించిరి.

1930లలో మహాత్మా గాంధీగారు పల్లెలకు పల్లెలే మతము మారుటను బహిరంగముగా ప్రశ్నించిరి. బీదవారు లాభము కొరకే చేరుచున్నారు గాని లోపల మార్పు లేదని అనేకులు తలంచిరి. ఈ ప్రశ్నను మనము తేలికగా త్రోసివేయరాదు. అజరయ్యగారు వాదముతోను జవాబిచ్చిరి గాని, ఆయన ముఖ్యముగా చూపినది మనుష్యులనే. నిన్న త్రాగినవాడు నేడు మానెను, భార్యను కొట్టినవాడు ఆమెతో కూర్చుండి ప్రార్థించుచున్నాడు, సంతకము రానివాని కుమార్తె వాక్యము చదువుచున్నది. ఊరిలోని రైతు కులములవారు దీనిని కన్నులార చూచిరి. తమ పాలేరు ఇట్లు మారుట ఎట్లు సాధ్యమాయెనని విచారించి, వారిలోనుండియు వేలకొలది జనులు ఆ ఏండ్లలో క్రీస్తు నొద్దకు వచ్చిరి. పెద్దింటివారికి బోధకుడైనది ఎవరు? వారి పొలములో కలుపు తీసిన కూలివాడే.

క్రైస్తవులకు చట్టసభలలో ప్రత్యేక నియోజకవర్గములు కావలెనను కోరికకు అయ్యగారు సమ్మతింపలేదు. సంఘము తన వాటా కొరకు పోరాడు గుంపుగా మారినచో ఇరుగుపొరుగువారికి ఉప్పుగా నుండజాలదని ఆయన భయపడిరి.

అయితే అన్ని కొమ్మలును పండలేదు. మాల మాదిగల మధ్య వేరు భావము ఆయన దినములలో పూర్తిగా పోలేదు. ఆయనకు దుఃఖము కలిగించిన సంగతులలో అది యొకటి. ఒకే బల్లయొద్ద రొట్టె తీసికొని, వాకిటి బయట కులము చూచుకొను సంఘము ఇంకను పచ్చికాయయే. ఇది నేటికిని మన పల్లెలలో లేదని చెప్పగలమా?

దోర్నకల్‌లో ఏండ్ల తరబడి కట్టబడిన కథీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. హిందూ గుడుల పోలికయు, మసీదుల పోలికయు దానిలో కలిసియున్నవి. సంఘములన్నియు ఏకము కావలెనని 1919లో తరంగంబాడి సమావేశము మొదలుకొని ఆయన పాటుపడిరి. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి ఆ డయోసీసులో క్రైస్తవులు రెండు లక్షలకు మించియుండిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుట ఆయన కన్నులు చూడలేదు. విత్తినవాడే కోయవలెనను నియమము లేదు.

ప్రియులారా, మనలో ఎవరమును బిషప్పులము కాకపోవచ్చును. కాని అయ్యగారి డయోసీసులో గొప్ప సాక్ష్యము పలికినది బిషప్పు కాదు, పేరు తెలియని కూలివారే. కావున మనము ఈ మాసము మనలను పరీక్షించుకొందము. నిరుటికంటె ఈ ఏడు మన కోపము తగ్గినదా? మన ఇంటివారు మన మాట విని నెమ్మది పొందుచున్నారా, లేక భయపడుచున్నారా? అప్పు తీర్చుదుమని చెప్పిన దినమున తీర్చుచున్నామా? పొరుగు పేటవాని ఇంట నీళ్లు త్రాగుచున్నామా? ఎవరును ఎరుగని నాంపల్లిలోను ఆబిడ్స్‌లోను మనము ఊరిలో నున్నట్లే యుంటిమా?

కాయ ఒక్క దినమున పండదు. వేరు నీటిలో ఉన్నయెడల ఎండకు ఎండినను, గాలికి ఊగినను, సమయమునకు పండును. మనలో మంచి పని ప్రారంభించిన దేవుడు మనలను పండించునుగాక. ఆమేన్.