రోనాల్డ్ రాస్

కోలారు జిల్లాలో బేతమంగళ చెరువు పేరున్న చెరువు. పాలారు నీటిని నిలిపిన ఈ చెరువే ఒకప్పుడు బంగారు గనుల ఊళ్లకు తాగునీరిచ్చింది. చెరువులు, కుంటలు, బావులు లేనిదే ఈ మెట్టసీమలో బతుకు లేదు. అయితే నీరు నిలిచిన చోట దోమలు కూడా పుడతాయి. ఆ దోమలకూ మనిషిని వణికించే చలిజ్వరానికీ ఉన్న సంబంధాన్ని రుజువు చేసి, ఆ జ్ఞానాన్ని ఊళ్లలో అమలు చేయించడానికి పాటుపడిన వైద్యుడు రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి సైన్యాధికారి. చిన్నతనంలోనే చదువు కోసం ఇంగ్లండు వెళ్లాడు. ఆయనకు కవిత్వం, సంగీతం అంటే మక్కువ. అయినా తండ్రి కోరిక మేరకు వైద్యం చదివి, 1881లో భారత వైద్య సర్వీసులో చేరాడు.

1883లో రాస్ బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన బంగళాలో దోమల బాధ ఎక్కువగా ఉండేది. కిటికీ బయట ఉన్న తొట్టిలోకి తొంగిచూస్తే నీటి నిండా దోమ పురుగులు కనిపించాయి. వెంటనే తొట్టిని బోర్లించాడు. గదిలో దోమలు తగ్గాయి. చుట్టుపక్కల ఉన్న తొట్లు, పాత డబ్బాలు కూడా ఖాళీ చేయిద్దామని పై అధికారికి చెప్పాడు. దోమలు ప్రకృతి సృష్టి కాబట్టి వాటిని సహించాల్సిందేనని ఆ అధికారి తోసిపుచ్చాడు. మేలు కంటికి కనిపించినా దాన్ని అమలు చేయించడం సులభం కాదని రాస్‌కు అప్పుడే తెలిసివచ్చింది.

మలేరియాకు కారణమైన సూక్ష్మజీవిని 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో చూశాడు. కాని అది ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందో ఎవరికీ తెలియదు. దోమల ద్వారా కావచ్చునని ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఊహించాడు. ఆ ఊహను పరీక్షించాలని రాస్ 1895లో సికింద్రాబాదులో పని మొదలుపెట్టాడు. వందలాది దోమలను కోసి చూశాడు. ఫలితం లేదు. అన్ని జాతుల దోమలూ మలేరియాను మోయవని అప్పటికి ఆయనకు తెలియదు.

1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న మరో జాతి దోమలు దొరికాయి. హుసేన్‌ఖాన్ అనే రోగి వాటితో కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి ఇచ్చాడు. దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేయించుకోకుండా ఆ ఎండలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. చెమటకు దాని మరలు తుప్పుపట్టాయి. చివరకు ఆగస్టు 20న ఆ దోమ కడుపు గోడలో మలేరియా జీవి కనిపించింది. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షులపై పరిశోధించి, ఆ జీవి దోమ లాలాజలం ద్వారా శరీరంలో ప్రవేశిస్తుందని నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఇక్కడితో తన పని ముగిసిందని రాస్ అనుకోలేదు. అదే సంవత్సరం సూయజ్ కాలువ కంపెనీ ఆయనను ఈజిప్టులోని ఇస్మాయిలియా పట్టణానికి పిలిపించింది. ఆయన సలహా ప్రకారం అక్కడి గుంటలను ఇసుకతో పూడ్చారు, మురుగు గుంటల్లో నూనె చల్లారు, ఇంటింటా తిరిగి నిలవ నీటిని పారబోయించారు. రోగులకు క్వినైన్ ఇచ్చారు. 1902లో 1551గా ఉన్న మలేరియా కేసులు 1903లో 214కు, 1905లో 37కు తగ్గాయి.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. లాహోరు దగ్గర మియాన్‌మీర్ సైనిక స్థావరంలో 1902లో మొదలుపెట్టిన దోమల నిర్మూలన ఆశించిన ఫలితం ఇవ్వలేదు. ఈ పద్ధతి పనికిరాదని పలువురు తేల్చేశారు. రాస్ ఒప్పుకోలేదు. పనిచేసిన ప్రాంతం చాలా చిన్నదని, ఖర్చు చాలలేదని, పనికి ముందూ తర్వాతా దోమలను సరిగా లెక్కించలేదని వాదించాడు. లెక్క లేనిదే ఒక పద్ధతి మంచిదో కాదో చెప్పలేమని ఆయన నమ్మకం. ఒక్క దోమ కూడా మిగలకుండా చంపనక్కరలేదని, వాటి సంఖ్యను ఒక హద్దు కన్న తగ్గిస్తే మలేరియా దానంతట అదే అంతరిస్తుందని గణితం ద్వారా చూపాడు. 1910లో మలేరియా నివారణ గురించి పెద్ద గ్రంథం ప్రచురించాడు. 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించాడు.

రాస్ మొదట తొట్టి బోర్లించిన బెంగళూరు మనకు పొరుగునే ఉంది. బేతమంగళకు దగ్గరలోని కామసముద్రం ప్రాంతంలో 1990 దశకంలో మలేరియా పరిశోధకులు బావుల్లో, చెరువుల్లో దోమ పురుగులను తినే గప్పీ, గంబూసియా చేపలను వదిలారు. వదిలి ఊరుకోక పురుగులను, రోగులను ఏళ్ల తరబడి లెక్కించారు. అక్కడ మలేరియా బాగా తగ్గింది.

దోమ గుడ్డు ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికొకసారి తొట్టినీ బాననూ ఖాళీ చేసి, తోమి, ఆరబెడితే ఆ దోమ పుట్టదు. ఈ సంగతి పుస్తకంలో ఉన్నంత మాత్రాన జ్వరం ఆగదు. మన పెరట్లో తొట్టిని మనమే బోర్లించాలి.