పుష్పవల్లి: ఒకరి తల్లి మాత్రమే కాదు

పుష్పవల్లి పేరెత్తితే బాలీవుడ్ నటి రేఖ తల్లి అనేస్తారు. అంతకంటే చాలా ముందే ఆమె కెమెరా ముందు కష్టపడిన కళాకారిణి. ఆ కష్టం దగ్గరే మేము మొదలుపెడుతున్నాం.

1926లో పశ్చిమ గోదావరి పెంటపాడులో పుట్టారు. 1936లో రాజమండ్రి దుర్గా సినీటోన్ తీసిన 'సంపూర్ణ రామాయణం'లో బాల సీత ఆమే. సినిమాల వల్ల బడి సరిగా సాగలేదు. 1939లో 'వరవిక్రయం'లో కమల వేశారు. కట్నం పెళ్లిని తట్టుకోలేక అక్క కాళింది ప్రాణం తీసుకుంటే, ఎదురు తిరిగి పెళ్లికొడుకుకు బుద్ధి చెప్పే చెల్లెలు కమల. కాళింది పాత్ర భానుమతిది. కట్నాన్ని నిలదీసే ఆ పాత్ర వేసేనాటికి పుష్పవల్లికి పదమూడేళ్లు. కొద్దికాలానికే ఆమెకూ పెళ్లి చేశారు.

1942లో జెమినీ వారి 'బాలనాగమ్మ' వచ్చింది. నాయిక కాంచనమాల. మాయల మరాఠీ ప్రియురాలు సంగుగా పుష్పవల్లికి పెద్ద పేరొచ్చింది. 1947లో 'మిస్ మాలిని' నాయిక అయ్యారు. 1991లో కన్నుమూశారు.

మలయాళ తొలి నాయిక, దళిత బిడ్డ పి.కె. రోజీ నాయర్ స్త్రీగా తెరపై కనిపించినందుకే ఆమెను తరిమేశారు. పుష్పవల్లిని ఎవరూ తరమలేదు, కూతురి పేరు వెనక్కి నెట్టారు. ఎవరి కష్టాన్ని ఎవరి పేరున రాస్తున్నారో అడుగుతూనే ఉంటాం.