దుఃఖమును ఆలకించిన దుర్గాబాయి

రామన్నపేట మొన్నటివరకు నల్లగొండ జిల్లాలోనిది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. అట్టి ఊరిలో పరీక్ష తప్పిన బాలుడు, తండ్రి త్రాగుడును చూచి కుమిలిపోవు బాలిక, అత్తింట మాటపడిన కోడలు తమ బాధను ఎవరితో చెప్పుకొనవలెను? ఇరుగుపొరుగున చెప్పినచో ఊరంతయు ప్రాకును; ఇంటిలో చెప్పినచో చీవాట్లు మిగులును. నేడు వారికొక త్రోవ యేర్పడినది. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసినచో, రేయింబవళ్ళు, రుసుము లేకుండ, తెలుగులోనే సలహాదారు మాటాడును. మత్తుపదార్థముల అలవాటు మానగోరువారికి 14446 అను మరియొక సంఖ్య కలదు.

ఈ సాధనము క్రొత్తది. దాని వెనుకనున్న ధర్మము మాత్రము ప్రాతది. బాధపడువానిని తప్పుపట్టక ముందుగా ఆలకించుటయే ఆ ధర్మము. దానిని తన బ్రతుకున ఆచరించి, సంస్థలలో నిలిపి, శాసనము వరకు నడిపిన తెలుగు మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె కథను మనము బడులలో స్వాతంత్ర్య సమరకథగా చెప్పుచున్నాము. ఈ దృష్టితో కూడ దానిని ఒకమారు చదువుట మంచిది.

దుర్గాబాయి 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. కాకినాడలో పెరిగెను. ఆనాటి ఆచారము ననుసరించి, ఎనిమిదవ యేటనే జమీందారీ కుటుంబమునకు చెందిన సుబ్బారావుతో ఆమెకు వివాహము చేసిరి. పదునైదేండ్లు వచ్చునప్పటికి ఆ బాలికకు వివాహమనగా నేమో తెలిసివచ్చినది. తాను కోరుకొన్న జీవితమునకు ఆ బంధము తగదనియు తెలిసినది. ఆమె పారిపోలేదు, ఎవరిని నిందింపలేదు. భర్తకు తన మనస్సును విప్పి చెప్పి, తగిన కన్యను వివాహమాడుమని కోరెను. తండ్రియు సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. కూతురి మాటను చెవినిడిన తండ్రి ఆ కాలమున అరుదు. దుర్గాబాయి జీవితమున ఆలకించుట యను గుణమునకు తొలి గురువు ఆయనయే యనవచ్చును.

1921లో గాంధీజీ కాకినాడకు వచ్చుచున్నారని విని, ఆమె దేవదాసీలను, ఘోషా పాటించు ముస్లిం స్త్రీలను ఆయనతో కలుపవలెనని పట్టుపట్టెను. నిర్వాహకులు ఐదువేల రూపాయలు కూర్చినగాని వీలుపడదనిరి. ఆ ధనమును సమకూర్చినవారు ఆ దేవదాసీలే. సభలలో ఎవరును పలుకరింపని స్త్రీల యొద్దకు పండ్రెండేండ్ల బాలిక స్వయముగా పోయి కూర్చుండుట గమనింపదగిన విషయము.

1930లో మద్రాసున ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆమె చెరసాలకు పోయెను. 1933 వరకు మూడుమార్లు బంధింపబడెను. మదురై చెరసాలలో ఏకాంత నిర్బంధము ఆమె ఆరోగ్యమును క్రుంగదీసినది. ఒంటరితనము మనస్సునేమి చేయునో ఆమె అచట అనుభవించి తెలిసికొనెను. చెరసాలలోనే హత్యానేరములపై శిక్షపడిన స్త్రీల గాథలను ఆమె వినెను. తమపై మోపిన నేరమేమో, దానికి బదులెట్లు చెప్పవలెనో ఎరుగనివారు వారిలో పెక్కురు. వారి మొర విన్న ఫలితముగానే ఆమె న్యాయశాస్త్రము చదువ నిశ్చయించెను. చెరవీడిన పిమ్మట కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుతో మొదలిడి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున బి.ఏ. ఆనర్సు ముగించి, 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టమును పొందెను.

ఈలోగా 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభ ఆరంభమైనది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలకు, ఆదరణ లేని స్త్రీలకు అది చదువును, పనిని, నిలువ నీడను ఇచ్చినది. ఆ నీడకు చేరినవారిలో మాయమ్మ యొకతె. ఆమె సుబ్బారావు మరల వివాహమాడిన భార్య. ఆయన మరణానంతరము బంధువుల వలన ఆమె కష్టములు పడుచుండగా, దుర్గాబాయి తన సంస్థకు తోడ్కొనివచ్చి వృత్తివిద్య నేర్పించెను. తెగిపోయిన బంధమునందును ద్వేషమునకు చోటీయకుండుట సాధ్యమే యని ఈ యొక్క ఘట్టము తెలుపుచున్నది.

స్వాతంత్ర్యానంతరము ఆమె రాజ్యాంగసభ సభ్యురాలుగాను, ప్రణాళికాసంఘ సభ్యురాలుగాను పనిచేసెను. 1953 జనవరిలో నాటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడెను. అదే సంవత్సరమున ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు తొలి అధ్యక్షురాలయ్యెను. ఆ యేడే చైనాలో పర్యటించి, అచటి కుటుంబ న్యాయస్థానములను చూచి, మన దేశమునను అట్టివి అవసరమని వాదించెను. భార్యాభర్తల కలహము దొంగతనపు కేసువలె విచారింపదగినది కాదని, అచట ముందుగా ఇరువురి బాధను వినవలెనని ఆమె భావము.

ఆ కోరిక ఫలించుట ఆమె చూడలేదు. 1981 మే 9వ తేదీన ఆమె మరణించెను. 1983లో ఆమె నెలకొల్పిన బోర్డు కుటుంబ సలహా కేంద్రముల పథకమును ప్రారంభించినది. 1984లో పార్లమెంటు కుటుంబ న్యాయస్థానముల చట్టమును చేసినది. దాని ప్రకారము న్యాయాధిపతి మొదట ఇరుపక్షములకు రాజీ కుదుర్చుటకు యత్నింపవలెను. సలహాదారుల నియామకమునకు వీలు కలదు. న్యాయవాదిని పెట్టుకొనుట హక్కుగా లేదు.

ఇచట ఒక సంగతి మరువరాదు. సలహా యనగా ఎట్లయినను కలిపి పంపుట యని పెక్కురు తలంతురు. దెబ్బలు తిని వచ్చిన స్త్రీకి సర్దుకొనుమని చెప్పుట సలహా కాదు. దుర్గాబాయి స్వయముగా విడిపోయిన స్త్రీ. విడిపోయియు మానవత్వమును విడువని స్త్రీ. ఎదుటివాని మనస్సు తేటపడి, తన త్రోవను తానే ఎంచుకొనునట్లు చేయుటయే మంచి సలహా.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. తరగతిలో మూలకూర్చుండు విద్యార్థిని మందలించుటకు ముందు, పాఠము ముగిసిన పిదప ఐదు నిమిషములు అతని మాట వినుడు. బాధ పెద్దదైనచో పైన చెప్పిన సంఖ్యలను తెలిపి, వైద్యుని యొద్దకు పంపుడు. విద్యార్థులారా, మీ బాధను మరియొకరితో చెప్పుకొనుట పిరికితనము కాదు. పదునైదవ యేట తన మనస్సులోని మాటను నోట పలికినందుననే దుర్గాబాయి దుర్గాబాయి కాగలిగెను.