వ్యాధిని వెంబడించిన వైద్యుడు: యల్లాప్రగడ సుబ్బారావు

తెలుగువారు రాచపుండు అని పిలిచిన వ్యాధిని ఉర్దూలో సర్తాన్ అంటారు. సర్తాన్ అంటే ఎండ్రకాయ. క్యాన్సర్ అన్న పదానికీ మూలార్థం అదే. పట్టిన పట్టు విడువనిదన్న భయమే ఈ పేర్లలో ధ్వనిస్తుంది. ఆ భయం చేతనే నేటికీ ఎందరో ఆ వ్యాధి పేరును ఇంట ఉచ్చరించరు. అయితే ఆ పట్టును సడలించిన ఔషధాలలో ముఖ్యమైన ఒకదాని వెనుక ఒక తెలుగు బిడ్డ జీవితకాల తపస్సు ఉన్నదన్న సంగతి మన విద్యార్థులు తెలుసుకోదగినది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. బాల్యంలో చదువు మీద మనసు నిలువలేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొని ధనికుడు కావాలని పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచారు. తల్లి వెంకమ్మ పట్టుబట్టి మళ్లీ బడిలో చేర్పించింది. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులైనారు. ఒక పరీక్షలో తప్పగానే జీవితమే ముగిసిందని కుంగిపోయే యువకులకు ఆయన చరిత్ర ఒక ఊరట.

స్ప్రూ అనే వ్యాధిలో తిన్న ఆహారం ఒంటబట్టదు, రక్తం క్షీణిస్తుంది. సుబ్బారావు సోదరుడు పురుషోత్తం ఆ వ్యాధికే బలి అయినాడు. దానికి మందు లేకపోవడం ఆయన హృదయంలో మానని గాయమైనది. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్నప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. అది ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యునికి ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. అయినా ఆయన వెనుదిరుగలేదు. మామగారి సహాయంతో, దాతల విరాళంతో 1922లో అమెరికాలోని బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల వైద్యం అభ్యసించారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పనులు చేశారు.

అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి దేహద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాల శక్తికి సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలపై వారి పరిశోధన లోకప్రసిద్ధమైనది. అయినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం లభించలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి, 1945లో ఆ విజయాన్ని ప్రకటించింది. స్ప్రూ రోగులలో కలిగే రక్తహీనతకు అది మందైనది. సోదరుణ్ణి కాపాడలేకపోయిన ఆ చేతులు ఎందరి సోదరులనో కాపాడాయి. కరీంనగర్ ప్రాంతాన్ని పీడించిన బోదకాలు వ్యాధికి ఇచ్చే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన ప్రయోగశాల నుండి వెలువడినదే.

ఫోలిక్ ఆమ్లం కణాల పెరుగుదలకు అవసరం. క్యాన్సర్ కణాలు హద్దు మీరి పెరుగుతాయి. మరి ఆ ఆమ్లం పనిని అడ్డుకుంటే వాటి పెరుగుదల ఆగదా? ఈ ఆలోచన నుండే అమినోప్టెరిన్ పుట్టింది. సుబ్బారావు బృందం తయారుచేసిన ఆ మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్‌తో మృత్యుముఖంలో ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో వెలువడిన నివేదిక ప్రకారం పదహారు మందిలో పదిమందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ మేలు తాత్కాలికమే. కొద్ది నెలలకే వ్యాధి తిరిగివచ్చింది. కాని, తలుపు తెరుచుకున్నది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్త క్యాన్సర్‌లోను, మరికొన్ని క్యాన్సర్లలోను వాడుకలో ఉన్నది.

ఆ ఫలితాన్ని ఆయన ఎక్కువకాలం చూడలేదు. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్లకే, నిద్రలో కన్నుమూశారు. విడిచి వచ్చిన భార్యను మళ్లీ చూడనే లేదు. తాను దూరదేశంలో ఉండగా పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఈ చరిత్రను మన ఖానాపూర్‌లో ఎందుకు స్మరించాలి? ఔషధం ఎంత గొప్పదైనా వేళ మించిన వ్యాధి ముందు దాని శక్తి తగ్గుతుంది. పిల్లల రక్త క్యాన్సర్‌ను అలవాట్లతో నివారించలేము; కాని నోటి క్యాన్సర్ అలా కాదు, దానికి ముఖ్య కారణం పొగాకు. మన ప్రాంతంలో తునికాకు సేకరణ, బీడీలు చుట్టడం ఎన్నో ఇండ్లకు జీవనాధారం. ఆ శ్రమను మనం గౌరవిద్దాం. కాని బీడీ, జర్దా, గుట్కా మన నోటికి చేరకుండా చూసుకోవడం మన చేతిలో పని. నోటిలో మూడు వారాలైనా మానని పుండు, తెల్లని మచ్చ, రొమ్ములో గడ్డ, అకారణ రక్తస్రావం, విడువని దగ్గు, మారిన గొంతు, కారణం లేని బరువు తగ్గుదల కనిపిస్తే వెంటనే వైద్యునికి చూపించాలి. ముప్పై ఏళ్లు నిండినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో భాగం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను చాలావరకు నివారించగల టీకా కూడా ఉన్నది. హైదరాబాదులో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరిట నడుస్తున్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండి రోగులకు సేవ చేస్తున్నది. అక్కడికి ఆలస్యంగా చేరడమే విషాదం.

సిగ్గు వల్ల అమ్మీజాన్ గడ్డను దాచుకుంటుంది. ఖర్చుకు వెరచి తండ్రి పుండును దాచుకుంటాడు. వారిని ఒప్పించి వెంటబెట్టుకొని వెళ్లగలవారు చదువుకున్న బిడ్డలే. ప్రతి వ్యాధికీ మందు ఉన్నదన్నది మన పెద్దల విశ్వాసం. దానిని వెదకడానికి సుబ్బారావు తన జీవితాన్ని ధారపోశారు. ఆ మందుకు వేళ మించకుండా రోగిని చేర్చడం మన వంతు.