జాంజిబారు బిషప్పు ఫ్రాంక్ వెస్టన్

ధ్యానమునకు: మత్తయి 5:23, 24; 1 కొరింథీయులకు 10:16, 17

మన గ్రామ సంఘములలో సంస్కారపు ఆదివారమున ఒక సంగతి చూచుచుందుము. పొలము గట్టు విషయమై గాని, పెండ్లి సంబంధము విషయమై గాని మాట పట్టింపు వచ్చినయెడల, ఆరాధనకు వచ్చిన మనుష్యుడు ప్రభువు బల్ల సిద్ధపరచు వేళకు మెల్లగా లేచి వెలుపలికి పోవును. ఎందుకు పోయెనో ఊరివారందరికి తెలియును. ఇట్టి సంగతి సామాన్యుల మధ్యనే గాక బిషప్పుల మధ్యను జరిగినది. అయితే అక్కడ తగవు గట్టు గురించి కాదు, సంఘమనగా ఏమి అను ప్రశ్న గురించి. దానిలో ముఖ్యుడైన ఫ్రాంక్ వెస్టన్ అను భక్తుని జీవితమును ఈ నెల తలంచుకొందము.

వెస్టన్ 1871వ సంవత్సరమున లండను నగరములో జన్మించెను. ఆక్స్‌ఫర్డులో వేదాంతశాస్త్రము చదివి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. పట్టా పొందిన పిమ్మట లండను తూర్పు భాగమున బీదల పేటలో పరిచర్య చేసెను. 1898లో ఆఫ్రికా తూర్పు తీరముననున్న జాంజిబారు ద్వీపమునకు మిషనరీగా వెళ్లెను. అక్కడి పెద్ద గుడి కట్టబడిన స్థలము ఒకప్పుడు బానిసల సంత. మనుష్యులను పశువులవలె నిలువబెట్టి అమ్మిన ఆ సంత 1873లో మూయబడగా, ఆ నేలమీదనే ఆంగ్లికను మిషనువారు దేవాలయము కట్టిరి. బానిసలను కట్టి కొట్టిన చోటనే బలిపీఠము నిలిచినదని చెప్పుదురు. వెస్టన్ ఆ గుడిలో ఆరాధన నడిపించుచు, ఆఫ్రికా యౌవనస్థులను ఉపదేశకులుగాను గురువులుగాను తర్ఫీదు చేయుచు, వారి భాషలోనే మాటలాడుచు పది సంవత్సరములు గడిపెను. 1908లో అతడు ఆ మండలమునకు బిషప్పుగా అభిషేకింపబడెను.

1913 జూను నెలలో, నేటి కెన్యా దేశములోని కికుయూ అను గ్రామమున, స్కాట్లండు సంఘపు మిషను స్థలములో ఒక సభ జరిగెను. ఆంగ్లికనులు, ప్రిస్బిటేరియనులు, మెథడిస్టులు, ఇతర మిషనులవారు కూడివచ్చి, ఒక మిషను మరియొక మిషనుతో పోటీపడక ఏకముగా పనిచేయుటకు ఒక ఏర్పాటును ఆలోచించిరి. సభ ముగింపున మొంబాసా బిషప్పయిన పీల్‌గారు ఆ స్కాట్లండు మిషను గుడిలోనే ప్రభు రాత్రి భోజన సంస్కారము జరిగించిరి. ఉగాండా బిషప్పయిన విల్లిస్‌గారు అక్కడ ఉండిరి. బిషప్పుచేత హస్తనిక్షేపణ పొంది స్థిరపరచబడని ఇతర సంఘములవారును ఆ రొట్టెలోను పాత్రలోను పాలుపొందిరి. వారి మనస్సులో అది ప్రేమ విందు. దానిలో పాలుపొందినవారు ఆనందముతో ఇండ్లకు వెళ్లిరనుటలో నాకు సందేహము లేదు.

ఈ వార్త విని వెస్టన్ మిక్కిలి కలత చెందెను. ఆ ఇద్దరు బిషప్పులు తప్పు బోధకును సంఘ విభజనకును ఒడిగట్టిరని, వారిని విచారణకు పిలువవలెనని కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు డేవిడ్‌సన్‌గారికి వ్రాసెను. ఇంగ్లండు పత్రికలు నెలల తరబడి ఈ సంగతినే వ్రాసినవి.

వెస్టన్ గర్వము చేత ఇట్లు చేసెనా? అట్లనుకొనుట సులభము, గాని న్యాయము కాదు. అతని చుట్టునున్న జనము మహమ్మదీయులు. క్రొత్తగా బాప్తిస్మము పొందిన ఆఫ్రికావాడు తన బంధువుల మధ్య ఒంటరిగా నిలిచి, సంఘము ఇది, విశ్వాసము ఇది అని చెప్పవలెను. ఉగాండాలో ఒక మాటయు జాంజిబారులో మరియొక మాటయు అయినచో వాడు దేనిమీద నిలుచును? పైగా 1912లో ఇంగ్లండులో కొందరు గురువులు కలిసి ప్రచురించిన ఒక గ్రంథములో ప్రభువు పునరుత్థానమును గూర్చి సందేహము పుట్టించు వ్రాతలున్నవని అతడు దుఃఖించెను. అపొస్తలుల కాలమునుండి చేతినుండి చేతికి వచ్చిన బిషప్పుల పరిచర్యను విడిచినయెడల, ఆ విశ్వాసమును కాపాడు గోడయే పడిపోవునని అతని నమ్మకము. మనలో అనేకులము ఈ వాదమును ఒప్పుకొనము. ప్రభువు బల్ల ప్రభువుదే గాని మనది కాదని నేనును తలంచుచున్నాను. అయినను అతని భయము ఉత్తది కాదని గ్రహింపవలెను.

ఆర్చిబిషప్పుగారు విచారణ జరిపింపక, సంగతిని బిషప్పుల ఆలోచన సభకు అప్పగించిరి. 1915 ఈస్టరు కాలమున తీర్పు బయలుపడెను. కికుయూవారి ఉద్దేశము మంచిదనియు, అట్టి సంస్కారము మాదిరిగా తీసికొనదగదనియు దాని సారాంశము. ఆ ఆరాధన దేవునికి మిక్కిలి ఇష్టమైనదనియు, ఇకమీదట ఎన్నడును జరుగకూడదనియు వారు చెప్పిరని జనులు నవ్వుకొనిరి.

ఆ 1915లోనే వెస్టన్ మరి కఠినమైన అడుగు వేసెను. పైని చెప్పిన గ్రంథమునకు సంపాదకుడైన స్ట్రీటరు అను గురువును హెర్‌ఫర్డు బిషప్పయిన పెర్సివల్‌గారు తన పెద్ద గుడిలో ఒక పదవికి నియమించెను. అంతట వెస్టన్, తాను గాని తన మండలము గాని హెర్‌ఫర్డు బిషప్పుతో సంస్కార సహవాసములో లేమని బహిరంగముగా ప్రకటించెను. ఒకే సంఘము, ఒకే ప్రార్థన గ్రంథము, ఇద్దరు బిషప్పులు; కాని ఒకరి బల్లయొద్ద ఒకరికి చోటు లేదు. పెర్సివల్‌గారు వృద్ధుడు. వెస్టనుకు అప్పటికి నలువది నాలుగేండ్లు నిండలేదు. ఈ పనిలో అతడు తొందరపడెనని నా అభిప్రాయము. మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు నేర్పిన క్రమములో, అర్పణను విడిచిన తరువాత చేయవలసిన పని ఒకటి ఉన్నది. అది సహోదరునియొద్దకు నడచి వెళ్లుట. జాంజిబారునుండి హెర్‌ఫర్డు బహు దూరము.

ఇంతలో యుద్ధము వచ్చెను. ఆఫ్రికాలో సైన్యమునకు సామగ్రి మోయుటకు వేలకొలది మనుష్యులు కావలసివచ్చిరి. కూలీలను దయలేక వాడి చంపుదురని ఎరిగి, 1916లో వెస్టన్ జాంజిబారు మనుష్యులతో ఒక మోత దళమును ఏర్పరచి, తానే మేజరు హోదాలో వారికి నాయకుడై, అడవులలోను ఎండలోను వారితోకూడ నడచెను, వారి కూడు, వారి జబ్బులు తానే విచారించెను.

యుద్ధము వెస్టనును మార్చినదో, వయస్సు మార్చినదో చెప్పలేము. 1918లో కికుయూలో మరల సభ కూడినప్పుడు అతడు తానే అక్కడికి వెళ్లెను. తాను నిందించినవారితో కూర్చుండి, ఐక్యత కొరకు తన సొంత ఏర్పాటును వారి ముందుంచెను. అది అంగీకరింపబడలేదు. 1920లో లండనులో లాంబెత్ మహాసభకు 252 మంది బిషప్పులు కూడివచ్చి క్రైస్తవులందరికి ఐక్యతను గూర్చిన విజ్ఞప్తి పంపిరి. ఇతర సంఘముల అధికారులు కోరినయెడల, వారి చేత ఒక విధమైన నియామకము పొందుటకు ఆంగ్లికను బిషప్పులును సిద్ధమని అందులో ఉన్నది. ఏడేండ్ల క్రిందట విచారణ అడిగిన వెస్టన్ ఆ విజ్ఞప్తిని బలపరచెను.

ఆ దినములలోనే మరియొక పోరాటము. కెన్యాలోని తెల్ల భూస్వాముల తోటలకు ఆఫ్రికావారిని బలవంతముగా పనికి పంపవలెనని 1919లో అక్కడి ప్రభుత్వము ఉత్తరువులిచ్చెను. విల్లిస్ బిషప్పుగారు మొదలగువారు కొన్ని షరతులతో బలవంతపు పనికి ఒప్పుకొనిరి. వెస్టన్ ఒప్పుకొనలేదు. ఇది వెట్టిచాకిరియే అని 1920లో చిన్న పుస్తకము వ్రాసి ఇంగ్లండంతట చాటెను. 1921లో లండను ప్రభుత్వము ఆ పద్ధతికి కొంత కళ్లెము వేసెను. వెట్టి అనగా ఏమో మన తాతలకు ఎవరును నేర్పనక్కరలేదు. బానిసల సంత మీద కట్టిన గుడిలో రొట్టె విరిచిన చేయి ఈ పుస్తకము వ్రాయకుండ ఎట్లుండగలదు?

1923లో లండనులో ఆంగ్లో కాథలిక్కుల మహాసభకు అతడు అధ్యక్షుడు. అక్కడినుండి రోమా పోపుగారికి వందనములు తెలుపు తంతి పంపుటచేత అనేకులకు కోపము పుట్టించెను. అది అతని స్వభావము. కాని సభ చివర అతడు చేసిన ప్రసంగము నేటివరకు మరువబడలేదు. బలిపీఠముపై క్రీస్తును ఆరాధించువారు మురికివాడలో చినిగిన బట్టలతోనున్న ఆయనను విడిచిన, ఆ ఆరాధనకు అర్థమే లేదని దాని భావము.

తన మండలమునకు తిరిగి వెళ్లిన వెస్టన్, 1924 నవంబరు 2వ తేదీన ప్రధాన భూభాగములోని హెగోంగో అను మిషను స్థలమున, స్వల్పకాల వ్యాధిచేత ప్రభువునందు నిద్రించెను. వయస్సు ఏబది మూడు.

కికుయూలో లేచిన ప్రశ్న మన దేశమునకును వచ్చినది. దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు ఐక్యత కొరకు ప్రయాసపడి, దానిని కన్నులార చూడకయే 1945 జనవరి 1న కన్నుమూసిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములలో అనేకులు అందులో చేరక వేరుగా నిలిచిరి. పొరుగు ఊరివారు ఒకే ప్రభువును కొలుచుచు, ఒకే తెలుగులో ప్రార్థించుచు, రెండు సంఘములుగా ఉండిరి. 1975లో వారును చేరిరి. అప్పటికి ఇరువది ఎనిమిది సంవత్సరములు గడచినవి; మొదట చేరమన్నవారిలో అనేకులు సమాధులలో ఉండిరి.